లొట్టి మీద రాసిన పేరు

11 జనవరి 1982, జగిత్యాల

అభియోగం ఇది. గాజుల రాజవ్వ, డిగ్రీ రెండో సంవత్సరం, విద్యార్థి సంఘం సభ్యురాలు, కోరుట్ల బహిరంగ సభలో మైకు ముందు నిలబడి మేడిపల్లి ఆడవాళ్ళ పేర్లను బజారుకెక్కించింది. కల్లు రేటు తగ్గించాలని కూలీ సంఘం చేస్తున్న పోరాటాన్ని ఆడామగా తగాదాగా దిగజార్చింది.

ఫిబ్రవరి ఆరున మా విద్యార్థి సంఘం కార్యవర్గం ముందు నేను దీనికి జవాబు చెప్పాలి. చెప్పబోయే జవాబును ముందుగా నా మీదే ప్రయోగించి చూసుకోవడం నా అలవాటు. పూర్వపక్షం బలంగా లేనిదే సిద్ధాంతం బలపడదు.

ఒక వస్తువును బజారుకెక్కించాలంటే అది అంతకుముందు ఇంట్లో ఉండాలి. ఈ పేర్లు నేను పోయేసరికే బజారులో ఉన్నాయి. కోరుట్లలో కల్లు గుత్తేదారు తన కంపౌండు గోడకు నల్లపలకలు వేలాడదీసి, రోజూ సుద్దముక్కతో రాస్తున్నాడు. "నర్సక్క: ముదురు. తట్టుకున్నోడే మొగోడు." "బాలవ్వ: తియ్యన, సిగ్గెక్కువ." "లచ్చవ్వ: ఎంత తాగినా వద్దనది." కల్లు పోసి ఇచ్చే లొట్టి మెడ మీద కూడా ఆ పేరే. తాగేవాళ్ళు కల్లు అడగరు. "నర్సక్కను దించు" అంటారు. "ఇయ్యాల బాలవ్వ నాకే" అంటారు. ఆ పేర్ల మనుషులు మేడిపల్లిలో బతికే ఉన్నారు. నాట్లకూ కోతలకూ పోతున్నారు.

సభలో నేను చేసింది ఒక్కటే. పలకల మీద ఉన్నదాన్ని ఉన్నట్టుగా చదివాను. రాసినవాడు సిగ్గుపడాలని చదివాను. సభ నవ్వింది. అది ఇబ్బందితో నవ్విన నవ్వు.

అభియోగం తెచ్చినవాడు ఎల్లేశం. మా సంఘం కార్యదర్శి. వక్తృత్వ పోటీల్లో నాకు జంట, నాకు సరిపోయిన ఒకే ఒక్క ప్రత్యర్థి.

"నువ్వు సదువకుంటె గా పేర్లు కోరుట్ల దాటి పోయేటియా?" అన్నాడు.

"తాగినోళ్ళు మోసుకపోతలేరా?"

"తాగినోడు ఇంటికి పోయి పంటడు. నీ మైకు నాలుగూర్లకు ఇనవడ్డది. రాజవ్వా, దోస్తు లెక్క జెప్తున్న. తప్పయిందని ఒక్క మాటను. గీ లొల్లి ఒడుస్తది."

"లొల్లి ఒడువద్దనే సదివిన."

కార్యవర్గం ముందు నేను పెట్టిన తీర్మానం చిన్నది. గుత్తేదారుతో కూలీ సంఘం కుదుర్చుకోబోయే ఒప్పందంలో రేటుతోపాటు పేర్ల తొలగింపు కూడా షరతుగా ఉండాలి. అభియోగం రుజువైతే తీర్మానం పడిపోతుంది. ఒప్పందం కుదిరిన తరువాత ఏడాది పాటు దాన్ని ఎవరూ తిరగదోడరు. అంటే పేర్లు అక్కడే ఉంటాయి.

నా పేరు విషయంలో నేను ఎవరికీ లొంగలేదు. కాలేజీలో చేరిన రోజు రాజ్యలక్ష్మి అని రాయించుకొమ్మని గుమాస్తా సలహా ఇచ్చాడు. రాజవ్వ అన్నది నన్ను కన్న అవ్వ వేములవాడ రాజన్నకు మొక్కుకొని పెట్టిన పేరు. ఎక్కిన ప్రతి వేదికా ఆ పేరుతోనే ఎక్కాను. ఆరో తేదీన కూడా ఆ పేరు పిలుస్తారు, నేను లేస్తాను.

12 జనవరి

నవ్వింది వెనక వరుసలవాళ్ళు. ముందు వరుసలు నవ్వలేదు.

17 జనవరి

సాక్ష్యం కోసం మేడిపల్లి వెళ్ళాను. నర్సక్క ఇంటికి. సెంటు భూమి లేని కూలి. కూలీ సంఘం చేసిన మొదటి సమ్మెలో ఊరేగింపుకు ముందు నడిచిన మనిషి.

లొట్ల మీది పేర్లు ఈ ఊరి తాటిచెట్ల నుంచి వచ్చాయని నాకు తెలుసు. ఎలా వచ్చాయో ఇవాళ చూశాను. తాటిచెట్టు ఎక్కినవాడికి చుట్టుపక్కల వాకిళ్ళన్నీ కనిపిస్తాయి, తడిక చాటున నీళ్ళు పోసుకునేవాళ్ళతో సహా. అందుకని ఇక్కడి గీత కార్మికుడు చెట్టు మొదట్లో నిలబడి, ఆ పక్కింటి ఆడమనిషిని పేరు పెట్టి కేకేస్తాడు. ఆమె "ఎక్కు" అంటేనే నడుముకు మోకు బిగిస్తాడు. ఏ చెట్టు కింద ఏ పేరు పిలుస్తారో కాలక్రమాన ఆ చెట్టుకు ఆ పేరు నిలిచింది. మూలంలో ఇది మర్యాద. గుత్తేదారు చెట్లతో పాటు మర్యాదను కూడా వేలంలో పాడుకున్నాడు. (విచారణలో ఈ వాక్యం వాడాలి.)

వాకిట్లో చాప మీద కందికాయలు ఒలుస్తూ కూర్చున్నాం. మొండయ్య వచ్చాడు. ఈ వాడలో చెట్లన్నీ గీసేది అతడే.

"నర్సక్కా! చెట్టెక్కుతున్న!"

నర్సక్క కాయ ఒలిచి గింజలు చాటలో వేసింది.

"నర్సక్కా! ఓ నర్సక్కా!"

"అక్కా, నిన్నే పిలుస్తుండు. పలుకు" అన్నాను.

"నన్నెందుకు పిలుస్తడు బిడ్డా? కల్లును పిలుస్తుండు."

హాస్యానికి అన్నదేమోనని ఆమె ముఖం చూశాను. కాదు.

మొండయ్య అలాగే నిలబడ్డాడు. పైన లొట్టి నిండి పొర్లి చెట్టు బోదె నల్లగా తడిసింది, ఈగలు ముసిరాయి. ఎన్నాళ్ళుగా దించలేదని అడిగాను.

"ఎక్కుమంటె గదా ఎక్కేది? బాలవ్వ పలుకది, లచ్చవ్వ పలుకది. వాడకట్టుల ఒక్క ఆడిమనిషి పలుకుతలేదు బిడ్డా. గుత్తేదారేమో కల్లేదిరా అని నెత్తి మీద కూసున్నడు."

"పలుకకున్నా ఎక్కుతె ఏమైతది?"

"మా నాయిన ఎక్కలే, వాళ్ళ నాయిన ఎక్కలే. నేను దొంగ లెక్క ఎక్కాల్నా?"

అప్పుడు "ఎక్కు" అని వినబడింది.

అది నర్సక్క గొంతు. నర్సక్క నా పక్కనే కూర్చుని ఉంది. పెదవులు మూసి, పంటి కింద ఒక కందిగింజ పెట్టుకొని ఉంది. మాట పైనుంచి వచ్చింది, మట్టల నడుమ నుంచి.

మొండయ్య చెట్టు వైపు చూడలేదు. మోకు భుజాన వేసుకొని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నర్సక్క మరో కాయ అందుకుంది.

18 జనవరి

తర్కం. పక్కింటి ఆడమనిషి ఎవరో పలికి ఉంటుంది. తాటిమట్టలకు తగిలిన మాట పైనుంచి వచ్చినట్టు వినబడటం సహజం.

ఇక ఆడవాళ్ళు పలకకపోవడానికి కారణం స్పష్టం. కల్లోలిత ప్రాంతమని ప్రకటించినప్పటి నుంచి చీకటి పడ్డాక బయట నుంచి పేరు పెట్టి పిలిచేది పోలీసులో ఇంకెవరో తెలియదు. పలకకూడదని చంటిపిల్లలకు కూడా నేర్పారు. ఆ భయమే పగటికి పాకింది. ఇది రాజకీయ కారణం. విచారణలో పనికివస్తుంది.

ఆమె పంటి కింద గింజ ఉంది. అది కొరికిన చప్పుడు కూడా విన్నాను. "ఎక్కు" అన్న తరువాత.

21 జనవరి

కోరుట్ల. ఎల్లేశం నా వెంట వచ్చాడు గాని కంపౌండు లోపలికి రానన్నాడు. రోడ్డు మీది చాయ్ హోటల్లో కూర్చున్నాడు. నేనొక్కతినే వెళ్ళాను.

గుత్తేదారు నేను ఊహించినట్టు లేడు. సౌమ్యంగా ఉన్నాడు. ముసలివాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రా బిడ్డా. ఓరీ, కుర్చీ ఎయ్యిండ్రి. కాలేజి పిల్ల నిలవడుడేంది?"

"కూసునెతందుకు రాలేదు. గా పలుకలు తియ్యిండ్రి."

"ఎందుకు తియ్యాలె? తిట్లు రాసిన్నా? పేర్లు రాసిన."

"గా పేర్లు మనుషులయి. వాళ్ళను అడిగిండ్రా?"

"చెట్లయి బిడ్డా. అబ్కారోళ్ళు నాకు రాసిచ్చింది చెట్లను. నర్సక్క అనే చెట్టు నాది. గదే పేరు పెట్టుకొని గా ఊర్ల ఒక ఆడిది ఉంటె నేనేం జెయ్యాలె?"

"ఉన్నది ఉన్నది, రెండిట్ల ఏది ముదురో మాకెర్కే!" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. కంపౌండంతా నవ్వింది.

"నోర్ముయ్యిండ్రిరా, సదువుకున్న పిల్ల ముందట" అని ముసలాయన కసిరాడు. నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "దాపెట్టుడెందుకు బిడ్డా, నువ్వు మైకుల సదివినంక మెట్‌పల్లి కెల్లి సుత అస్తున్నరు. గంత మంచిగ నేను గూడ సదువలే. మేడిపల్లి కల్లు దిగకున్నా ఇంకో ఊరి కల్లు పోసి గా పేర్లకే అమ్ముతున్న. నీ పేరేంది?"

నా పేరు అడిగినప్పుడు గొంతు తగ్గించడం నాకు తెలియదు. ఇంటిపేరుతో సహా, గేటు దాకా వినబడేలా చెప్పాను.

ఆయన తలూపాడు. ఖాళీగా ఉన్న పలకను తన కండువాతో తుడిచాడు. సుద్దముక్క తీసుకున్నాడు. చక్కని చేతిరాత. నేను చూస్తూ ఉండగానే రాశాడు.

"రాజవ్వ: కాలేజిది. నోరు ఘాటు, లోపల తీపి."

కొత్త లొట్టి తెచ్చి పలక కింద పెట్టారు. ఎవడో కేకేశాడు. "రాజవ్వను ఇటు దించుండ్రి!"

"ఏంది?" అని తిరిగాను.

ఆ నవ్వు గురించి రాయను. పిలిచింది నన్ను కాదు. నన్ను కాదని వాళ్ళందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియలేదు. ఇకమీదట ఇలాంటి పొరపాటు జరగదు.

బయటికి వచ్చాను. "నేను జెప్పలేదా?" అన్నాడు ఎల్లేశం. నాకు జరిగింది విని, తాను మాట్లాడి వస్తానని లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. "ముసలోడు ఇంటలేడు" అన్నాడు. బస్సులో అతని నోటి నుంచి వాసన వచ్చింది. ఏ లొట్టిదో నేను అడగలేదు.

23 జనవరి

ఏమీ జరగలేదు. బాగా చదువుకున్నాను.

26 జనవరి

కాలేజీ వక్తృత్వ పోటీలో నన్ను పిలవలేదు. వరుసలో నాది నాలుగో పేరు. మూడో వక్త తరువాత ఐదో వక్తను పిలిచారు. ఇది కార్యవర్గం పని. విచారణకు ముందే నా నోరు కట్టాలని చూస్తున్నారు. రాతపూర్వకంగా నిరసన తెలుపుతాను.

పోచమ్మ వేరే విధంగా చెబుతోంది. పోచమ్మ హాస్టలులో నా గదిలో ఉంటుంది. బుగ్గారం పిల్ల, అబద్ధం చెప్పడం చేతకాదు. పొరపడి ఉంటుంది.

"మళ్ళ మళ్ళ పిలిచిండ్రే. నేను మోచెయ్యితోని పొడిసిన గూడ."

"ఎవల్ని పిలిచిండ్రు?"

"ఎవల్నేంది? నిన్నే!"

"మరి నాకెందుకు ఇనవడలే?"

"ఇనవడ్డది. ఎనుకకు మళ్ళి సూసినవ్, ఇంకెవలన్న లేస్తరేమో అన్నట్టు."

నేను వెనక్కి చూడలేదు. చూసినా తలుపు చప్పుడుకు చూశాను.

నిరసన పత్రం రాశాను. కింద సంతకం పెట్టేముందు అన్నానికి గంట కొట్టారు. రేపు పెడతాను.

30 జనవరి, సిరిసిల్ల

ఇంటికి వచ్చాను. అవ్వ పిలిచిందట, నేను పలకలేదట. సాంచాల మోతలో వినబడి ఉండదు. మా వీధిలో మరమగ్గాల చప్పుడుకు పక్కనున్నవాడి మాట కూడా వినబడదు. చప్పట్లు కొట్టి పిలుచుకుంటూ పెరిగినవాళ్ళం.

నాయిన ఇంటిపట్టునే ఉన్నాడు. పొద్దుటి నుంచి కరెంటు లేదు, సాంచాలన్నీ ఆగాయి. ఇంత నిశ్శబ్దంగా ఈ వీధి నేనెప్పుడూ ఎరగను. అవ్వ బీడీకి దారం చుడితే ఆ దారం చప్పుడు వినబడుతోంది.

"ఏందే, పిలువంగ పిలువంగ నోరు నొచ్చింది. చెవులల్ల సీసం పోసుకున్నవా?"

"సదువుకుంటున్న అవ్వా."

"కండ్లు నా మీదనే ఉన్నయి గదనే. నన్ను సూసుకుంటనే పలుకకపోతివి."

"సత్తెవ్వా, ఊకో" అన్నాడు నాయిన నవ్వుతూ. "సదువు మస్తు ఎక్కువైతె పేరు సుత మరుస్తరు."

"మరిస్తె ఎట్ల ఊరుకుంట? కడుపుల ఉన్నప్పుడు రాజన్నకు మొక్కి పెట్టిన. గా పేరు నాది. పారేసుకునెతందుకు దానిదా?"

సాయంత్రం అవ్వ పొయ్యి దగ్గరి నుంచి "ఓ పిల్లా!" అంది. వెంటనే లేచి వెళ్ళాను. అవ్వ చేతిలో గరిటె పట్టుకొని చాలాసేపు నన్నే చూసింది. ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటు రాలేదు. అవ్వ మళ్ళీ వేసింది. రాలేదు. పాతవై ఉంటాయి.

తరువాత సాంచాలమీద పనిచేసే ఒకాయన నాయిన కోసం వచ్చాడు. నేను లోపల ఉన్నానని తెలియదు.

"దేవన్నా, కోరుట్లల కొత్త లొట్టి ఎక్కిందట. మస్తు జోరట. పొద్దుగూకకముందే ఒడుస్తదట."

"ఏ చెట్టుదట?" అన్నాడు నాయిన.

ఆయన చెప్పాడు.

అప్పటి నుంచి నాయిన నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. అన్నం తినేటప్పుడు కంచాన్ని నావైపు జరిపి చేత్తో సైగ చేశాడు.

3 ఫిబ్రవరి, జగిత్యాల

హాస్టలు గేటు దగ్గర ఎవరో ఆడమనిషి నా కోసం వచ్చిందని, పేరు అడిగితే చెప్పడం లేదని వాచ్‌మన్ అన్నాడు. పోయి చూస్తే నర్సక్క. పోచమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మేడిపల్లి నుంచి నడిచి వచ్చిందట. బస్సులో కండక్టరుతో మాట్లాడాలని లేదట.

"నా పేరు నాకు తెచ్చియ్యి" అంది.

"ఆరో తారీకు ఇచారణ ఉన్నదక్కా. నా తీర్మానం గెలిస్తె గుత్తేదారు పలుకలు తియ్యాల్సిందే."

"గుత్తేదారు ముచ్చట ఇడువు. వాడు పలుక మీద రాసిండు, నువ్వు మైకుల సదివినవ్. ఇద్దర్ల ఫరక్ ఏందో జెప్పు, ఇంట."

చెప్పాను. వాడు అమ్మడానికి రాశాడు, నేను ఆపడానికి చదివాను. వాడు పేరును మనిషి నుంచి విడదీశాడు, నేను మనిషిని గుర్తు చేశాను. ఇలా ఐదు భేదాలు చూపాను. ఎక్కడా తడబడలేదు. నర్సక్క శ్రద్ధగా విన్నది, మధ్యలో తల కూడా ఊపింది.

"మంచిగ జెప్పినవ్ బిడ్డా. లాయరు సుత గిట్ల జెప్పడు. ఇగ పిలువు."

"ఏందక్కా?"

"నన్ను పిలువు. నువ్వు సదివితె పోయినదాన్ని నువ్వు పిలిస్తె రావాలె గదా."

"నర్సక్కా" అన్నాను.

ఆమె నావైపే చూస్తూ ఉంది, ఎదురు చూసేవాళ్ళు చూసినట్టు.

"నర్సక్కా!"

మెల్లగా వెనక్కి తిరిగింది. గేటు వైపు చూసింది. రోడ్డు మీద ఎవరూ లేరు. మళ్ళీ నావైపు తిరిగి, మర్యాదగా, కొత్త మనిషిని అడిగినట్టు అడిగింది. "ఎవల్ని పిలుస్తున్నవ్ బిడ్డా?"



పోయేముందు నర్సక్క నా గడ్డం పట్టుకొని ముఖంలోకి చూసింది. "అయ్యో, నీది గూడనా" అంది. గేటు దాటాక అక్కడ నిలబడి నన్ను పిలిచిందని పోచమ్మ అంటోంది. పలకమని తాను నన్ను పట్టుకొని ఊపిందని కూడా అంటోంది. నాకు భుజం నొప్పిగా ఉన్నమాట నిజం.

6 ఫిబ్రవరి

విచారణకు నేను హాజరయ్యాను. మొదట ఈ సంగతి స్పష్టంగా రాసుకోవాలి. ముందు వరుసలో, కుడి చివర, జవాబు కాగితాలు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. పోచమ్మ నా పక్కన ఉంది. ఆడవాళ్ళం ఇద్దరమే.

ఎల్లేశం అభియోగం చదివాడు. బాగా చదివాడు. తరువాత, జవాబు చెప్పుకోవలసిందిగా ఒక పేరు పిలిచాడు.

నేను ఎదురు చూశాను. అందరూ ఎదురు చూశారు. జవాబు చెప్పవలసిన ఆ మనిషి ఎందుకు లేవడం లేదా అని నాకు కోపం వచ్చింది. ఇంత ముఖ్యమైన విచారణలో ఇంత నిర్లక్ష్యమా?

ఎల్లేశం మళ్ళీ పిలిచాడు. ఈసారి నా కళ్ళలోకి చూస్తూ పిలిచాడు.

"ఆఁ, అస్తున్న" అని ఎవరో పలికారు.

గోడ అవతల నుంచి. హాలు వెనక రోడ్డు వైపు నుంచి. గొంతు నాదే. రెండేళ్ళుగా మైకుల్లో విన్న గొంతు, నాకు తెలియదా? వెనక వరుసల కుర్రాళ్ళు ఎవడో అనుకరిస్తున్నాడనుకొని నవ్వారు. ఎల్లేశం నవ్వలేదు. ఒకడు పోయి చూసి వచ్చాడు. రోడ్డు మీద కల్లు లొట్లు వేసుకొని పోతున్న ఎడ్లబండి తప్ప ఏమీ లేదన్నాడు.

"గైర్హాజరు" అని రాయబోయారు. పోచమ్మ లేచింది. ఎప్పుడూ నోరెత్తని పిల్ల బల్ల మీద చెయ్యి వేసి కొట్టింది.

"గైరాజరేంది? కండ్ల ముందట కూసున్న మనిషి కనవడ్తలేదా? ఎల్లేశమన్నా, నువ్వు పిలిచింది దీన్నా, లొట్టినా? ముందు గది జెప్పు!"

పదో తేదీకి వాయిదా వేశారు. ఆ రోజు కూడా జవాబు రాకపోతే తీర్మానం కొట్టివేస్తారు. ఆ మరునాడే కూలీ సంఘం ఒప్పందం మీద సంతకం చేస్తుంది. రేటు తగ్గుతుంది. పేర్లు ఉంటాయి.

7 ఫిబ్రవరి

ముందు వరుసలో నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. కోరుట్ల సభలో. ఎల్లేశం నవ్వాడు. నేను ఆ రోజే చూశాను.

8 ఫిబ్రవరి

అద్దం ముందు నిలబడి నన్ను నేను పిలుచుకోవాలని చూశాను. నోరు తెరిచాను. అద్దంలోని మనిషి వెనక్కి తిరిగి చూసింది.

9 ఫిబ్రవరి

రేపు చదవవలసినది. పోచమ్మ చదువుతుంది. పిలిస్తే నేను లేవలేను కనుక.

అధ్యక్షా, కార్యవర్గ మిత్రులారా,

నేను పేర్లను బజారుకెక్కించానన్నది అభియోగం. నేను చదివాను. మీరు విన్నారు. విని మీరు ఏం చేశారన్నది నా ప్రశ్న. ఆ పేర్ల మనుషులను వెతుక్కుంటూ మీలో ఒక్కరైనా మేడిపల్లికి పోయారా? కోరుట్లకు పోయినవాళ్ళు ఎందరో మీకే తెలుసు.

పోరాటాన్ని దిగజార్చానన్నారు. నర్సక్క కూలి. ఆమె సమ్మెలో ముందు నడిచినప్పుడు ఆమె పేరుతో నినాదం ఇచ్చింది మీరే. ఆ పేరుతోనే ఇవాళ దించుకొని తాగుతున్నదీ మీరే. ఈ రెండింటిలో ఏది పోరాటమో, ఏది దిగజారడమో ఈ సభ తేల్చాలి. రేటు తగ్గాలి, కాదనను. తగ్గిన రేటుకు మీరు కొనుక్కునేది ఏమిటో మాత్రం చూసుకోండి.

పేరులో ఏముంది, చెట్టు పేరే కదా అని గుత్తేదారు అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు అది చెట్టు పేరే. మేడిపల్లిలో పిలిస్తే చెట్టు పలుకుతోంది, మనిషి పలకడం లేదు. నేను విన్నాను. భ్రమ అంటారా? ఆరో తేదీన ఇదే హాలులో మీరొక పేరు పిలిచారు, మీరు చూస్తున్న మనిషి పలకలేదు, గోడ అవతల బండి పలికింది. మీరందరూ విన్నారు. నవ్వినవాళ్ళు కూడా విన్నారు.

కాబట్టి నేను క్షమాపణ చెప్పను. మిమ్మల్నీ అడగను. నేను అడిగేది ఇది.

ఒప్పందం మీద సంతకానికి ముందు మీలో తాగిన ప్రతివాడూ మేడిపల్లి పోవాలి. ఏ పేరు అడిగి తాగాడో ఆ మనిషి వాకిలి ముందు నిలబడాలి. ఆమెను పిలవాలి. పైనుంచి వచ్చే మాట లెక్కలోకి రాదు. ఆమె తన నోరు తెరిచి పలికేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఎన్నాళ్ళు పట్టినా సరే.

దాన్ని ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. నేను మీ ఎదురుగానే ఉన్నాను. ముందు వరుస, కుడి చివర. నా పేరు ఇందులో రాయలేదు. రాయబోతే చెయ్యి ముందుకు సాగలేదు. మీకు అది తెలుసు, మీలో కొందరి నోటికి దాని రుచి కూడా తెలుసు. ఎల్లేశం, మొదట నువ్వు లే. కల్లును పిలిచినట్టు కాకుండా మనిషిని పిలిచినట్టు పిలువు. గొంతు పోతే పక్కవాడు అందుకోవాలి. ఇంకెక్కడి నుంచి ఎవరు పలికినా ఆపవద్దు, అటు తిరిగి చూడవద్దు.

నేను లేచి నిలబడేదాకా పిలవండి.